కరవుకు ముందు దాచిన విత్తనము

పఠన భాగములు: ఆదికాండము 41:46-57, 47:23-25, 1 సమూయేలు 1:1-20, లూకా 12:16-21



ఆదికాండము 41వ అధ్యాయములో రెండు సంగతులు ప్రక్కప్రక్కనే వ్రాయబడియున్నవి. మొదటిది, యోసేపు ధాన్యము కూర్చుట. ఏడు సంవత్సరములు ఐగుప్తు దేశమంతట సమృద్ధిగా పండెను. యోసేపు ఆ పంటలో అయిదవ భాగము తీయించి పట్టణములలో కొట్లు నింపించెను. రెండవది, కరవు సంవత్సరములు రాకమునుపే అతనికి మనష్షే, ఎఫ్రాయిము అను ఇద్దరు కుమారులు పుట్టుట. రాబోవు కరవు, దాచిన ధాన్యము, సంతానము అను ఈ మూడు సంగతులు ఒక్కచోట చేరిన ఈ భాగము, నేడు మన సంఘములలో కొన్ని గృహములవారు లోలోపల అడుగుకొనుచున్న ఒక ప్రశ్నకు వెలుగునియ్యగలదు.

ఆ ప్రశ్న ఇది. రోగమువలననో, రోగమునకు చేయు చికిత్సవలననో తన సంతానశక్తి పోవునని డాక్టరు చెప్పగా విన్న స్త్రీ, తన అండములను ముందుగా తీయించి చల్లని నిల్వలో దాచుకొనవచ్చునా? అది దేవునియందు నమ్మిక లేకపోవుటయగునా? లేక దేవుడిచ్చిన బుద్ధిని వాడుకొనుటయగునా?

ఇట్టి మాటలు ప్రసంగములో పలుకదగినవా అని కొందరికి తోచవచ్చును. కాని పరిశుద్ధ గ్రంథము గర్భమునుగూర్చి మాటలాడుటకు ఎన్నడును సిగ్గుపడలేదు. శారా, రిబ్కా, రాహేలు, మనోహ భార్య, హన్నా, ఎలీసబెతు అను వీరందరి వేదనను అది దాచక వ్రాసెను. గ్రంథము దాచని దుఃఖమును సంఘము దాచిపెట్టినయెడల, ఆ దుఃఖము మోయు స్త్రీ ఒంటరిదగును.

1. హన్నా కన్నీరు, ఏలీ తొందరపాటు

మొదట షిలోహునకు పోవుదము. ఎల్కానా భార్యయైన హన్నాకు పిల్లలు లేరు. ఏటేట పండుగకు పోవునప్పుడెల్ల సవతియైన పెనిన్నా ఆమెను ఎత్తిపొడిచెను. భర్త మంచివాడే. ఆమెకు ఎక్కువ పాలు వడ్డించి, పదిమంది కొడుకులకంటె తన ప్రేమ మేలైనదని నచ్చజెప్పబోయెను. ఆ మాటతో ఆమె దుఃఖము తీరలేదు. భోజనము మాని, మందిరమునకు పోయి, పెదవులు మాత్రమే కదలుచుండగా ప్రార్థించెను. గుమ్మమునొద్ద కూర్చున్న యాజకుడైన ఏలీ ఆమెను చూచి, త్రాగి మత్తురాలై యున్నదనుకొని గద్దించెను.

ప్రియులారా, ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడి. ఇంటిలో సవతి పోరు. ఊరిలో గొడ్రాలను పేరు. తుదకు దేవుని మందిరములో దేవుని సేవకుని చేతనే అపార్థము. హన్నా యిక ఎక్కడికి పోవలెను?

మన గ్రామములలో నేటికిని ఇట్లు జరుగుచున్నది. పెండ్లియైన మరుసటి యేడే “విశేషమేమైన ఉన్నదా?” అని అడుగుదురు. రెండేండ్లు గడిచిన తరువాత అడుగుట మాని, చాటున చెప్పుకొందురు. సీమంతమునకు పిలువరు. పిలిచినను గాజులు తొడుగునప్పుడు ప్రక్కకు నిలువుమందురు. మరికొందరు భక్తిగల మాటలతోనే పొడిచెదరు: “ప్రార్థన చాలలేదేమో, ఇంటిలో ఏదో పాపమున్నదేమో” అందురు. పుట్టు గ్రుడ్డివానినిగూర్చి శిష్యులు ఇట్టి ప్రశ్ననే అడిగినప్పుడు, అది వాని పాపము కాదు, వాని కన్నవారి పాపమును కాదని మన ప్రభువు తేటగా చెప్పెను (యోహాను 9). ప్రభువు మోపని నేరము మోపుటకు మనమెవరము?

తెలిసికొనవలసిన సంగతి మరియొకటి యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారము పెద్దవారిలో సుమారు ప్రతి 6 మందిలో ఒకరికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ కష్టము ఎదురగుచున్నది. బిడ్డలు కలుగని జంటలలో ఇంచుమించు సగముమంది విషయములో, పూర్తిగాగాని కొంతగాగాని, కారణము పురుషునియందును కనబడుచున్నది. అయినను మందు త్రాగునది కోడలే, మాట పడునది కోడలే. పురుషుని పరీక్ష సులభమైనది, తక్కువ ఖర్చుతో ముగియునది. దానిని తప్పించుకొని భార్యను ఊరూర త్రిప్పు భర్త తన ఇంటికి న్యాయము చేయనివాడు.

2. ఈ పద్ధతి యెట్టిది?

తెలియని దానిని ఒప్పుకొనుటయు తగదు, ఖండించుటయు తగదు. కావున సంగతి యేమో చూతము.

ఆడబిడ్డ పుట్టునప్పుడే ఆమె అండాశయములలో 10 నుండి 20 లక్షల అండములుండును. ఈడు వచ్చునాటికి అవి 3 లేక 4 లక్షలకు తగ్గును. జీవితమంతటిలో నెలకొకటి చొప్పున పక్వమై వెలువడునవి సుమారు 400 నుండి 500 మాత్రమే. క్రొత్తవి పుట్టవు. గాదెలో పోసిన విత్తనపు వడ్లవలె ఏటేట అవి తరుగును, పాతబడును. 35 ఏండ్లు దాటిన తరువాత ఈ తరుగుదల త్వరపడును.

కొందరికి ఈ కరవు అకాలముగా వచ్చును. క్యాన్సరునకు ఇచ్చు కీమోథెరపీ మందులలో కొన్ని అండములను నశింపజేయును. కటి భాగమునకు ఇచ్చు రేడియేషను గూడ అట్లే చేయును. ఎండోమెట్రియోసిస్ అను వ్యాధిలో అండాశయముపై గడ్డలు లేచి, వానిని కోసి తీసినప్పుడు అండములును తగ్గును. ప్రతి 100 మంది స్త్రీలలో సుమారు ఒకరికి 40 ఏండ్లు నిండకమునుపే అండాశయములు పని మానివేయును. వీరిలో ఎవరును తమ తప్పువలన ఈ స్థితికి వచ్చినవారు కారు.

ఇట్టివారికొరకు డాక్టర్లు చేయునది యిది. 10 లేక 12 దినములు ప్రతిదినము ఇంజెక్షన్లు ఇచ్చి, ఒకేసారి పెక్కు అండములు పక్వమగునట్లు చేయుదురు. నడుమ నడుమ స్కానింగు తీసి చూచెదరు. తరువాత మత్తు ఇచ్చి, స్కానింగులో చూచుచు సన్నని సూదితో అండములను బయటికి తీయుదురు. కడుపు కోయనక్కరలేదు. తీసిన అండములను మైనస్ 196 డిగ్రీల చల్లదనముగల ద్రవ నైట్రోజనులో ఉంచుదురు. ఈ ద్రవము మన పల్లెలకు క్రొత్తది కాదు. ఎదకు వచ్చిన ఆవుకు సూది వేయుటకు పశువుల ఆసుపత్రివారు తెచ్చు డబ్బా మూత తీసినప్పుడు తెల్లని పొగ లేచుట మీరు చూచియుందురు. ఆ డబ్బాలోనిదే యిది. ఆ చల్లదనములో కాలము నిలిచిపోయినట్లుండును. 28 ఏండ్ల వయస్సున తీసిన అండము పదేండ్ల తరువాతను 28 ఏండ్ల అండమే.

బిడ్డను కోరు కాలము వచ్చినప్పుడు అండమును వెచ్చజేసి, భర్త బీజకణమును దానిలో చేర్చి, ఏర్పడిన పిండమును కొన్ని దినములకు స్త్రీ గర్భసంచిలో ఉంచుదురు.

ఈ విద్య ఒక్క దినమున కలుగలేదు. గర్భసంచి వెలుపల ఏర్పడిన పిండమునుండి మొదటి శిశువు 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో పుట్టెను. ఆ సంవత్సరమే అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన మరియొక శిశువు జన్మించెను. ఆయన పిండమును శీతల నిల్వలో ఉంచి వాడెను. అయితే ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము ఆయన మాట నమ్మలేదు. అవమానమును ఓర్వలేక 1981లో ఆయన తన ప్రాణమును తానే తీసికొనెను. 1986లో బొంబాయిలో పుట్టిన శిశువే మన దేశములో మొదటిదని అందరును చెప్పుకొనిరి. ఆ పనిలో పాలుగలిగిన శాస్త్రవేత్త టి. సి. ఆనంద్ కుమార్, ముఖోపాధ్యాయ వ్రాతలను తరువాత చదివి, ఆ ఘనత తమది కాదు, ఆయనదేనని 1997లో బహిరంగముగా చెప్పెను. తొందరపడి తీర్పు తీర్చుట ఎంత హానియో, సత్యము తెలిసిన తరువాత తగ్గించుకొని ఒప్పుకొనుట ఎంత ఘనతయో ఇందువలన నేర్చుకొందము.

శీతల నిల్వలో ఉంచిన అండమువలన మొదటి గర్భము 1986లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో డాక్టర్ క్రిస్టఫర్ చెన్ చేతిమీదుగా కలిగెను. అండము శరీరములోని కణములన్నిటిలో పెద్దది, నీరు ఎక్కువగా గలది. మెల్లగా గడ్డకట్టించినప్పుడు లోపల మంచు ముళ్లు ఏర్పడి దానిని చీల్చుచుండెను. తరువాత, మంచు కట్టుటకు వ్యవధి లేకుండ క్షణములో గాజువలె బిగియజేయు పద్ధతి వచ్చెను. అప్పటినుండి ఫలితములు మెరుగుపడెను. 2012లో అమెరికాలోని సంతాన వైద్యుల సంఘము, ఇది యిక ప్రయోగదశలోనిది కాదని తెలియజేసెను. ఈడు రాని బాలికలకు పై విధముగా అండములు తీయుట సాధ్యము కాదు గనుక, అండాశయపు ముక్కనే తీసి దాచు పద్ధతియు కలదు. అట్లు దాచి తిరిగి అతికించిన ముక్కవలన మొదటి శిశువు 2004లో బెల్జియము దేశములో పుట్టెను.

3. ఇది అవిశ్వాసమా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. కరవు వచ్చునని దేవుడు ఫరోకు కలలో తెలిపినప్పుడు యోసేపు ఏమి చేసెను? “దేవుడున్నాడు, ఆయనే చూచుకొనును” అని చేతులు కట్టుకొని కూర్చుండలేదు. కొట్లు కట్టించెను. దానిని అవిశ్వాసమని లేఖనము ఎక్కడను చెప్పలేదు. అది దేవుడిచ్చిన జ్ఞానమేయని ఫరో సయితము గ్రహించెను. ముందుగా తెలుపుట దేవుని దయ. తెలిసిన తరువాత సిద్ధపడుట మనుష్యుని విధేయత.

హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడియుండగా దేవుడు అతని ఆయుష్షు పొడిగించెదనని వాగ్దానము చేసెను. వాగ్దానము చేసిన తరువాత, అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టుమని యెషయా చెప్పెను (యెషయా 38). వాగ్దానము, మందు రెండును ఒకే ప్రవక్త నోటనుండి వచ్చెను. పౌలు ప్రయాణములలో తోడైన లూకా వైద్యుడు.

మన తెలుగు సంఘములకు ఈ పాఠము బాగుగా తెలియవలెను. అమెరికా లూథరన్ సంఘమువారు పంపగా డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు చేరెను. 1898లో అక్కడ స్త్రీలకొరకు ఆసుపత్రి తెరువబడెను. ప్రార్థనయు మందును ఒక చేతి వ్రేళ్లేయని ఇట్టి ఆసుపత్రుల వరండాలలోనే మన ముత్తవ్వలు నేర్చుకొనిరి. ఆనాడు కాన్పు గదిలో డాక్టరమ్మ చేతిని దేవుని చేయిగా ఎంచిన మనము, నేడు క్యాన్సరు గల చెల్లెలు తన అండములను దాచుకొనగోరినప్పుడు ఆమె విశ్వాసమును శంకించుట న్యాయమా?

ఇరువదియైదేండ్ల యువతికి రొమ్ము క్యాన్సరని తేలినదనుకొందము. చికిత్స ఆమె ప్రాణమును కాపాడును. ఆ చికిత్సయే ఆమె అండములను చంపవచ్చును. చికిత్స మొదలగుటకు ముందు రెండు వారముల వ్యవధి యున్నది. ఆ రెండు వారములే ఆమెకు యోసేపు ఏడేండ్లు. అప్పుడు ఆమెకు సంగతి తెలిసియుండవలెను. మొదటి కీమోథెరపీకి ముందే “నాకు ముందుముందు బిడ్డలు కలుగుదురా? దాచుకొను మార్గమున్నదా?” అని డాక్టరును అడుగవలెను. తరువాత అడుగుట, వాన వెలిసిన పిమ్మట గొడుగు కొనుటవంటిది. కొన్ని వ్యాధులలో, ముఖ్యముగా త్వరగా ముదురు రక్తపు క్యాన్సరులో, ఆ రెండు వారములు ఆగుటకు వీలుండదు. అప్పుడు ప్రాణమే ముందు. ప్రాణము దేవుడిచ్చిన మొదటి వరము. పుట్టబోవు బిడ్డకొరకు ఉన్న బిడ్డను పోగొట్టుకొనుమని ఏ తల్లియు చెప్పరాదు.

4. రెండు కొట్లు

అయితే లూకా 12వ అధ్యాయములో మరియొక కొట్టు కనబడుచున్నది. ఒక ధనవంతుని పొలము బాగుగా పండెను. పాత కొట్లు విప్పి పెద్దవి కట్టించి, ఇక నా ప్రాణమునకు కొదువ లేదని అతడు నెమ్మదిపడెను. ఆ రాత్రియే అతని ప్రాణము అడుగబడెను. దేవుడు అతనిని వెఱ్ఱివాడని పిలిచెను.

యోసేపు కొట్టును ధాన్యపు కొట్టే, ధనవంతుని కొట్టును ధాన్యపు కొట్టే. భేదమెక్కడ? యోసేపు కొట్టును దేవుని చేతిక్రింద ఉంచెను. ధనవంతుడు దేవుడుండవలసిన చోట కొట్టును ఉంచెను. అండములు దాచుకొనుటయందును ఈ రెండు త్రోవలున్నవి.

దాచిన అండము బిడ్డ కాదు. ఇది ప్రతి సహోదరియు తెలిసికొనవలెను. 10 అండములు దాచినంత మాత్రమున 10 మంది బిడ్డలు కలుగరు. వెచ్చజేయునప్పుడు కొన్ని నశించును. కొన్ని బీజకణముతో కలియవు. కలిసినవానిలో కొన్ని ఎదుగవు. గర్భసంచిలో ఉంచినవన్నియు నిలువవు. 35 ఏండ్లలోపు దాచినవానియందు ఆశ ఎక్కువ. 40 దాటిన తరువాత దాచినవానియందు ఆశ మిక్కిలి తక్కువ. ఇంజెక్షన్లవలన కడుపు ఉబ్బరము, నొప్పి కలుగవచ్చును. కొద్దిమందికి అండాశయములు మితిమీరి వాచి, కడుపులో నీరు చేరి, ఆసుపత్రిలో చేరవలసివచ్చును.

ఈ సంగతులు చెప్పక, డబ్బు కట్టినయెడల భవిష్యత్తు మీ చేతిలో నుండునని పలుకు ప్రకటనలు నగరములలో కనబడుచున్నవి. అట్టి మాట నమ్మవద్దు. అది ధనవంతుని కొట్టు పాట. రేపటినిగూర్చి మాటలాడునప్పుడు ప్రభువు చిత్తమైతే అని చెప్పుకొనుమని యాకోబు మనకు నేర్పెను (యాకోబు 4).

మరియు ఈ పద్ధతి ప్రతి కష్టమునకు మందు కాదు. క్షయవ్యాధి గర్భనాళములకు ప్రాకి వానిని మూసివేయుట మన దేశములో తరచుగా కనబడు సంగతి. అట్టి స్త్రీకి మొదట కావలసినది క్షయకు మందు. కొందరికి థైరాయిడు సరిచేసినయెడల చాలును. కొందరి విషయములో భర్తకే వైద్యము కావలెను. కావున మొదట కారణము తెలిసికొనవలెను.

ఐగుప్తీయులు కరవు కాలములో యోసేపునొద్దకు వచ్చినప్పుడు అతడు తినుటకు ధాన్యమిచ్చుటయే గాక, పొలములో చల్లుకొనుటకు విత్తనములను గూడ ఇచ్చెను (ఆదికాండము 47). ఆ విత్తనము కొట్టులోనే పంట కాలేదు. దానిని తీసికొనిపోయి మంటిలో చల్లవలెను, నీరు పారవలెను, దేవుడు మొలిపింపవలెను. ఏ కొట్టు ఎంత గట్టిదైనను, మొలిపించు శక్తి కొట్టుకు లేదు.

5. దాటరాని గట్లు

పొలమునకు గట్టు ఉండవలెను. ఈ విషయములో విశ్వాసులకు నాలుగు గట్లు చూపగోరుచున్నాను.

మొదటిది, పిండమునుగూర్చినది. అండము ఒక్కటి మాత్రము మనుష్యుడు కాదు. అండము బీజకణముతో కలిసిన తరువాత సంగతి వేరు. రోమను కతోలిక సంఘము 2008లో వెలువరించిన ఉపదేశములో ఈ విధమైన గర్భధారణకొరకు అండములను దాచుటను సయితము అంగీకరింపలేదు. ప్రొటెస్టంటు సంఘములలో ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు. అయితే తల్లి గర్భములో మనలను ఎరిగినవాడు దేవుడని నమ్మువారమందరము, పిండములను లెక్కలేకుండ చేసి తరువాత పారవేయుటకు వెనుదీయవలెను. “మేము పెంచగలిగినన్ని మాత్రమే చేయుడి” అని దంపతులు డాక్టరుతో ముందే చెప్పవలెను. అండములను అండములుగానే దాచుటవలన ఈ చిక్కు ఆ దినమువరకైనను రాదు. ఈ మార్గమందలి ఒక మేలు ఇదియే.

రెండవది, హాగరును మరువకుడి. శారయి తొందరపడి తన దాసిని భర్తకిచ్చెను. తుదకు ఆ పేద స్త్రీ బిడ్డతో అరణ్యము పాలాయెను. ఒకరి ఆశకొరకు ఇంకొక పేద స్త్రీ శరీరమును వాడుకొనుట ఆనాటినుండి ఉన్న పాపము. డబ్బుకొరకు అండములిచ్చుమని బీద యువతులను పురికొల్పు దళారులు కలరు. మన పిల్లలను అట్టివారికి చిక్కనీయకుడి.

మూడవది, చట్టము. సహాయక సంతాన పద్ధతులనుగూర్చి మన దేశములో 2021లో చేసిన చట్టము 2022 జనవరినుండి అమలులోనున్నది. దాని ప్రకారము ఈ పని చేయు ప్రతి ఆసుపత్రి రిజిస్టరు చేయించుకొనవలెను. స్త్రీ వ్రాతపూర్వకమైన సమ్మతి లేకుండ ఏదియు చేయరాదు. ఈ పద్ధతులు స్త్రీకి 21 ఏండ్లు మొదలుకొని 50 ఏండ్లవరకే. అండములను, పిండములను అమ్ముట శిక్షార్హము. మగబిడ్డను ఏరుకొనుట నిషేధము. దాతగా అండములిచ్చు స్త్రీ జీవితములో ఒక్కసారి మాత్రమే ఇయ్యవలెను. రిజిస్ట్రేషను పత్రము చూడక, చదివి వినిపించుకొనక వ్రేలిముద్ర వేయకుడి, సంతకము చేయకుడి.

నాలుగవది, అప్పు. ఒక్క విడత ఖర్చు లక్ష రూపాయలు దాటుట సామాన్యము. ఆ పైన ఏటేట నిల్వ రుసుము కట్టవలెను. వాడుకొను కాలమున మరల ఖర్చున్నది. మొత్తమెంతయో ముందే వ్రాయించుకొనుడి. ఉన్న ఎకరము తాకట్టుపెట్టి, వడ్డీకి తెచ్చి చేయవలెనని దేవుడు ఎవరినిని ఆజ్ఞాపింపలేదు. చేయలేకపోయిన స్త్రీ విశ్వాసములో తక్కువ కాదు. చేసిన స్త్రీ విశ్వాసములో తక్కువ కాదు.

6. దాచుటకు విత్తనము లేనివారు

ఇప్పటివరకు చెప్పినది సమయము గలవారికొరకు. ఈ మాటలు చదువుచు, “నాకు సమయము మించిపోయెను. నాకు ఎవరును చెప్పలేదు. దాచుటకు నాయందు ఏమియు లేదు” అని కన్నీరు తుడుచుకొను సహోదరి యుండవచ్చును. అమ్మా, ఈ మాట నీ కొరకు.

లేఖనములో హన్నాలు ఇద్దరు కలరు. ఒకరు సమూయేలు తల్లియైన హన్నా. రెండవవారు లూకా సువార్త 2వ అధ్యాయములోని అన్న అను ప్రవక్త్రి. గ్రీకు భాషలో హన్నా అను పేరే అన్న ఆయెను. ఈమె పెండ్లియైన ఏడేండ్లకు విధవరాలై, ఎనుబది నాలుగేండ్ల వయస్సున దేవాలయములో ఉపవాస ప్రార్థనలు చేయుచుండెను. ఆమెకు బిడ్డలున్నట్లు లేఖనము చెప్పుట లేదు. మొదటి హన్నా మందిరములో ఏడ్చి బిడ్డను పొందెను. రెండవ హన్నా మందిరములోనే ముదుసలియాయెను. అయినను శిశువైన యేసును అక్కడికి తెచ్చినప్పుడు గుర్తించి, విమోచనకొరకు కనిపెట్టుచున్నవారందరితో ఆయననుగూర్చి చెప్పినది ఆమెయే. ఇద్దరి ప్రార్థనలను దేవుడు వినెను. ఒకరికి బిడ్డనిచ్చెను. ఒకరికి లోకరక్షకునిగూర్చిన మాటనిచ్చెను. ఈమె తక్కువదని చెప్పగలమా?

ఒక దినమున జనసమూహములోని స్త్రీ యొకతె ప్రభువు తల్లి గర్భమును కొనియాడగా, దేవుని వాక్యము విని గైకొనువారే అంతకంటె ధన్యులని ఆయన పలికెను (లూకా 11). సంతానము లేని నపుంసకుని విషయములోను, కొడుకులు కూతుళ్లు ఉండుటకంటె శ్రేష్ఠమైన పేరు తన యింట ఇచ్చెదనని దేవుడు యెషయా నోట సెలవిచ్చెను (యెషయా 56). గొడ్రాలను పేరు ఊరు పెట్టినది. దేవుడు పెట్టు పేరు వేరు.

నీవు ఏడ్చుట పాపము కాదు. హన్నా ఏడ్చెను. నీవు దేవునితో వాదించుట పాపము కాదు. నీ విలువ మాత్రము నీ గర్భములో లేదు, ఏ నిల్వ డబ్బాలోను లేదు. క్రీస్తు రక్తములో ఉన్నది.

7. సంఘము చేయవలసినది

ఏలీ మొదట తప్పుగా తలంచెను. కాని హన్నా తన మనోవ్యాధిని చెప్పినప్పుడు అతడు వినెను, తన మాట మార్చుకొనెను, సమాధానముతో పొమ్మని దీవించెను. అప్పటినుండి ఆమె ముఖము దుఃఖముగా లేదని వ్రాయబడెను. గమనింపుడి, అప్పటికి ఆమెకు గర్భము రాలేదు. సేవకుడు తన మాట వినినందుననే, తన మొర దేవుడు వినునని ఆమెకు ధైర్యము కలిగెను. మన సంఘములును మొదటి ఏలీని విడిచి రెండవ ఏలీవలె నుండవలెను.

కాపరులారా, స్వస్థత కూటములలో బిడ్డలు లేనివారిని లేపి నిలువబెట్టకుడి. వారిని చాటుగా కలిసికొని ప్రార్థింపుడి. భర్తలారా, పరీక్షకు మీరు ముందు పొండి. అత్తగార్లారా, కోడలిని పెనిన్నా మాటలకు అప్పగింపకుడి. ఆమె పక్షమున మీరొక్క మాట పలికినయెడల, పదిమంది నోళ్లు మూతపడును. స్త్రీల సమాజపు సహోదరీలారా, మీ గ్రామములో క్యాన్సరని తెలిసిన యువతి యున్నయెడల, ఆమెతో పట్టణమునకు పోయి, చికిత్సకు ముందే డాక్టరును అడుగవలసిన ప్రశ్న అడుగునట్లు తోడుగా నిలువుడి. ఆ ఒక్క ప్రయాణము పది ఓదార్పు మాటలకంటె మేలు. బారసాలకు, సీమంతమునకు బిడ్డలు లేని తల్లిని ముందుగా పిలిచి, పసిబిడ్డను ఆమె చేతికే ఇచ్చి ప్రార్థింపుమనుడి.

ప్రార్థన

హన్నా పెదవుల కదలికను విన్న దేవా, మా యిండ్లలో మౌనముగా ఏడ్చువారిని నీవు ఎరుగుదువు. రోగముతో పోరాడుచు రేపటికొరకు ఆశను దాచుకొను కుమార్తెలకు బుద్ధిని, ధైర్యమును, మంచి వైద్యులను దయచేయుము. దాచినది ఫలించినయెడల అది నీ దానమని ఒప్పుకొను హృదయము నిమ్ము. ఫలింపనియెడల నీవు విడువలేదని తెలిసికొను కృప నిమ్ము. తొందరపడి తీర్పు తీర్చు మా నాలుకలను కట్టుము. నీ సంఘమును దీవించు ఏలీగా మార్చుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.